మిషిగన్‌లో ఒక చిన్న ‘చాయిస్’ హైస్కూలు: ఒక తండ్రి సమీక్ష

మా అమ్మాయి చదువుతున్న ప్రభుత్వ హైస్కూలులో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు అందరినీ కలిపినా మూడు వందల మంది ఉండరు. అది మేము నివసించే స్కూల్ డిస్ట్రిక్టుకు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక విభాగానికి) చెందినది కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1996 నుంచి అమలులో ఉన్న, పిల్లలను వేరే డిస్ట్రిక్టు బడిలో చేర్చే వీలు కల్పించే ‘స్కూల్స్ ఆఫ్ చాయిస్’ నిబంధనల కింద దరఖాస్తు చేసి, పక్క డిస్ట్రిక్టులో చేర్పించాము. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నందువల్ల బడి పేరు రాయడం లేదు.

మనవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ప్రవేశ పరీక్ష గురించే. అలాంటి పరీక్ష లేదు, పెట్టడానికి వీలూ లేదు. మార్కులనో, ప్రతిభనో, ఆటల్లో నైపుణ్యాన్నో చూసి పక్క డిస్ట్రిక్టు పిల్లలను ఏరుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. గతంలో బడి నుంచి బహిష్కరణకు గురైనవారిని, గత రెండేళ్లలో సస్పెండైనవారిని కాదనవచ్చు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే, అప్పటికే అక్కడ చదువుతున్నవారి తోబుట్టువులకు ముందు అవకాశమిచ్చి, మిగిలిన సీట్లకు లాటరీ తీయాలి. కాబట్టి ఈ బడి బాగా చదివే పిల్లలను ఏరుకుని పేరు తెచ్చుకోలేదు. వచ్చినవారికి ఏం నేర్పుతుంది, ఎలా నేర్పుతుంది అన్నదే దానికి గుర్తింపు కావాలి.

డబ్బు సంగతి కూడా తెలిస్తేనే ఆ బడి ప్రవర్తన అర్థమవుతుంది. 1994లో ఓటర్లు ఆమోదించిన ‘ప్రపోజల్ ఎ’ తరువాత బడుల రోజువారీ ఖర్చులో ప్రధాన భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి రాష్ట్ర ఖజానాకు మారింది. విద్యార్థి ఏ డిస్ట్రిక్టులో చేరితే తలసరి నిధి ఆ డిస్ట్రిక్టుకు వెళుతుంది. అక్టోబరు మొదటి బుధవారం ‘కౌంట్ డే’. ఆ రోజు తలల లెక్కకు సాధారణంగా తొంభై శాతం, అంతకు ముందు ఫిబ్రవరిలో తీసిన లెక్కకు పది శాతం విలువ ఇచ్చి నిధులు తేలుస్తారు. ఆ ఉదయం మా ప్రిన్సిపాల్‌గారు చేతిలో జాబితా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లవాడి పేరు పక్కన పెన్సిలుతో టిక్కు పెడుతూ, రాని పిల్లల ఇళ్లకు అక్కడి నుంచే ఫోన్లు చేయిస్తున్నారు. లోపల డోనట్ల పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. రెండు వేల మంది ఉన్న బడికి పదిమంది తగ్గితే పెద్దగా తెలియకపోవచ్చు. ఇక్కడ మాత్రం అది ఒక టీచరు ఉద్యోగం మీదికి వస్తుంది.

ఇంత ఒత్తిడిలోనూ ఓపెన్ హౌస్‌లో, అంటే చేరాలనుకునే కుటుంబాలకు బడిని పరిచయం చేసే సమావేశంలో, ప్రిన్సిపాల్‌గారు మాట్లాడిన తీరే మమ్మల్ని ఆకట్టుకుంది. ముందుగా తమ దగ్గర లేనివి చెప్పారు: ఫుట్‌బాల్ జట్టు లేదు, మార్చింగ్ బ్యాండ్ లేదు, ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూలులోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, ఫిజిక్స్‌కు ఒకే సెక్షన్ కనుక టైమ్‌టేబుల్ కుదరకపోతే మరుసటి ఏడాది దాకా ఆగాలి. ఆ తరువాతే ఉన్నవి చెప్పారు. ప్రతి విద్యార్థికి నాలుగేళ్లూ ఒకే అడ్వైజరు (వెంట ఉండి దారి చూపే టీచరు) ఉంటారు, పదకొండో తరగతి నుంచి వారంలో ఒక రోజు బయట ఇంటర్న్‌షిప్ ఉంటుంది, టర్ము చివర పరీక్షతో పాటు తాము చేసిన పనిని పదిమంది ముందు నిలబడి వివరించాలి. ఆ లేనివాటి జాబితా విని మాతో పాటు వచ్చిన రెండు కుటుంబాలు మధ్యలోనే వెళ్లిపోయాయి. అలా పోనివ్వడానికి ధైర్యం కావాలి. సరిపడని పిల్లవాడిని ఆశ పెట్టి చేర్చుకుంటే కొద్ది నెలలకే అతను వెళ్లిపోతాడు. ఆ ఇంటివారు చెప్పే మాటలు వచ్చే ఏటి దరఖాస్తులను దెబ్బతీస్తాయి.

బడికి అసలైన ప్రచారం, టర్ము చివర పిల్లలు తమ పనిని వివరించే ఆ ప్రదర్శనల సాయంత్రమే. ఎనిమిదో తరగతి పిల్లలను, వారి తల్లిదండ్రులను ఆ రోజే పిలుస్తారు. దగ్గరి వాగు నీటిని నెలనెలా పరీక్షించిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఒక నెల ఎందుకు పడిపోయిందని ఒక అతిథి అడిగితే, తడబడకుండా “ఇంకా తెలియలేదు, రెండు కారణాలు అనుకుంటున్నాను” అని చెప్పి, ఆ రెండింటినీ తేల్చడానికి ఏ కొలతలు కావాలో బల్ల మీద కాగితంపై రాసి చూపించింది. మా అమ్మాయి ఈ బడి కావాలని పట్టుబట్టింది అది చూశాకే. రంగురంగుల కరపత్రం ఈ పని చేయలేదు.

ఇలాంటి చిన్న బడి కొత్త ఆలోచనేమీ కాదు. 1985లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో డెబొరా మయర్ ప్రారంభించిన సెంట్రల్ పార్క్ ఈస్ట్ సెకండరీ స్కూలు ఈ రకం బడులకు దారి చూపింది. 2002 నుంచి అదే నగరం పెద్ద హైస్కూళ్లను మూసి, తరగతికి సుమారు వంద మందితో చిన్న బడులు తెరిచింది. వాటిలో చాలావాటికి సమాచార సమావేశానికి వచ్చిన పిల్లలకు ప్రవేశంలో ప్రాధాన్యం ఉండేది. సీటు లాటరీలో వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూసిన ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ, వచ్చినవారిలో ఎక్కువ శాతం మంది హైస్కూలు పూర్తి చేశారని తేల్చింది. అయితే సమావేశానికి రావడానికి తల్లిదండ్రులకు తీరిక ఉండాలి కదా. ఆ ప్రాధాన్యాన్ని నగరం తరువాత తీసివేసింది.

ఇక ఫిర్యాదులు. మొన్నటి ఏడాది చేరికలు తగ్గగానే బడి స్వరం మారింది. కొత్త కరపత్రంలో రోబోటిక్స్, నాటకం, వ్యాపార విద్య, ఆన్‌లైన్ భాషలు అన్నీ కనిపించాయి; వాటిలో కొన్నింటికి ఇప్పటికీ టీచరు లేరు. జనవరిలో, టర్ము మధ్యలో, కొత్తవారిని చేర్చుకున్నారు. పద్ధతి తెలియని ఆ పిల్లలకు ఎవరూ సరిగా పరిచయం చేయలేదు. మా అమ్మాయి అడ్వైజరీలో, అంటే ఒకే అడ్వైజరు కింద ఉండే పిల్లల బృందంలో, పదిహేను మంది ఉండవలసిన చోట ఇరవై రెండు మంది అయ్యారు, వారానికి ఒకసారి అడ్వైజరుతో జరిగే విడి సంభాషణ రెండు వారాలకు ఒకసారి అయింది. బడి ప్రత్యేకత అంతా ఆ సంభాషణలోనే ఉంది. సీట్లు నింపడానికి దాన్నే పలుచన చేయడం నాకు నచ్చలేదు. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలోనూ చెప్పాను, అడ్వైజరీకి పరిమితి పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు.

లేని కోర్సులకు దారులు ఉన్నాయి. రాష్ట్ర నిబంధన ప్రకారం టర్ముకు రెండు ఆన్‌లైన్ కోర్సులు తీసుకోవచ్చు, అర్హత ఉంటే కమ్యూనిటీ కాలేజీ క్లాసులకూ వెళ్లవచ్చు. ఆటలకు పక్క హైస్కూలుతో కలిసి ఉమ్మడి జట్టు ఉంది. బస్సు మాత్రం లేదు. బయటి డిస్ట్రిక్టు పిల్లలకు రవాణా ఏర్పాటు చేయాలన్న బాధ్యత చేర్చుకున్న డిస్ట్రిక్టుకు లేదు, రోజూ రెండుసార్లు కారు తీయవలసిందే.

పోటీ వాతావరణం, ఎక్కువ ఏపీలు, పెద్ద జట్లు కావాలనుకునేవారికి ఇది సరిపడదు. మాట్లాడడానికి బెదిరే పిల్లలకు, ఒక విషయం పట్టుకుంటే వదలని పిల్లలకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. దరఖాస్తు గడువు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది కనుక ముందే కనుక్కోండి. ఓపెన్ హౌస్‌కు వెళితే కరపత్రం పక్కన పెట్టి, ఈ ఏడాది ఒక్కో అడ్వైజరీలో ఎంతమంది ఉన్నారో, నిరుడు చేరినవారిలో ఎంతమంది మిగిలారో అడగండి.