గచ్చిబౌలిలో సైక్లింగ్ పవర్ టెస్ట్ (కాళ్ళు ఎన్ని వాట్లు తొక్కగలవో చూసే టెస్ట్) చేయించుకున్నా, పైసా వసూల్

సైకిల్ సీరియస్‌గా తొక్కేవాళ్ళు ఈ స్టూడియోలో ఒక్కసారైనా టెస్ట్ చేయించుకోండి. చాలాచోట్ల 20 నిమిషాలు తొక్కించి ఒక నంబర్ చేతిలో పెట్టి పంపించేస్తారు, ఇక్కడ మాత్రం 3 నిమిషాలు ఒకసారి, బాగా రెస్ట్ ఇచ్చి 12 నిమిషాలు ఇంకోసారి ఫుల్లుగా తొక్కించి లెక్కంతా మన ముందే కాగితం మీద వేసి చూపిస్తారు.

నాకు 3 నిమిషాలకి 320 వాట్లు, 12 నిమిషాలకి 245 వచ్చింది. సెకన్లతో గుణిస్తే 57,600, 1,76,400 జౌల్స్, ఆ తేడాని 540 సెకన్లతో భాగిస్తే 220 వాట్లు, అదే క్రిటికల్ పవర్, అంటే లెక్క ప్రకారం ఆగకుండా తొక్కుతూ ఉండగలిగే హద్దు. 57,600లోంచి 220 × 180 తీసేస్తే, దాని పైన ఖర్చుపెట్టుకోడానికి ఉన్న స్టాక్ 18 కిలోజౌల్స్. అంటే 250లో తొక్కితే 10 నిమిషాలు, 300లో అయితే 3 నిమిషాల 45 సెకన్లు, ఆ తర్వాత కాళ్ళు ఖాళీ. 1965లో మోనో, షెరర్ అనే శాస్త్రవేత్తలు కండరాల మీద కట్టిన మోడల్ అండి ఇది, ఎంత సింపుల్‌గా ఉందో చూడండి!

కోచ్ నాకు బాగా నచ్చాడు. 5 సెకన్ల స్ప్రింట్‌కి ఈ ఫార్ములా పనికిరాదని, 220లో ఎంతసేపైనా తొక్కొచ్చని లెక్క చెప్పినా ఒళ్ళు ఒప్పుకోదని ముందే చెప్పేశాడు.

ఒక్కటే కంప్లైంట్, ఫ్యాన్ చాలట్లేదు. ఉక్కలో వాట్లు పడిపోతాయి, అప్పుడు లెక్కే తప్పుతుంది కదా, ఇది మాత్రం తప్పకుండా మార్చాలి. అప్పటిదాకా పొద్దున స్లాటే తీసుకోండి, ముందురోజు అవుటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీదకి వెళ్ళకుండా కాళ్ళకి రెస్ట్ ఇవ్వండి.