మైనం చైన్ లూబ్: అనంతపురం దుమ్ములో రెండున్నరేళ్లు వాడాక

సైకిల్ చైన్‌కి వేసే ఈ మైనం లూబ్ (కందెన) 120 మి.లీ. సీసాలు రెండు అయిపోయాయి, మూడోది నడుస్తోంది. ఏడు గేర్ల సైకిల్, నెలకు 250 కి.మీ. దాకా తిరుగుడు, ఎక్కువగా ఎర్రమట్టి అంచున్న రోడ్లే. ఈ ఊరి దుమ్ముకు ఇంతకంటే నప్పే లూబ్ నాకు దొరకలేదు. కానీ మొదటిసారి వేసేటప్పుడు ఒళ్లు దాచుకుంటే మాత్రం డబ్బు దండగ.

చైన్‌కి మామూలుగా వేసే మిషన్ ఆయిల్ చెడ్డదేం కాదు, చిక్కంతా దాని తడితోనే. ఆషాఢం గాలికి లేచే సన్నదుమ్ము ఆ తడికి అంటుకుని, చైన్ లింకుల్ని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ తిరిగే రోలర్‌కీ మధ్య సానపట్టే ముద్దలా తయారవుతుంది. ‘చైన్ సాగింది’ అంటాం కానీ ఇనుము సాగదు, లోపల పిన్నులు అరుగుతాయి. షాపుల్లో పూసే వాడేసిన ఇంజన్ ఆయిల్ అయితే మరీ అన్యాయం, అందులో ముందే మసి ఉంటుంది. మైనం లూబ్‌లో పలచటి ద్రావకం ఆవిరైపోయి పొడి పూత మిగులుతుంది. దుమ్ము పడినా గుడ్డతో దులిపితే రాలిపోతుంది.

నూనె జిడ్డు మీద మైనం పట్టదు. కాబట్టి కొత్త చైన్‌కైనా కంపెనీ గ్రీజు తీసేయాల్సిందే. క్విక్ లింక్ (చేత్తో విప్పగలిగే లింకు) విప్పి, చైన్‌ని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మునిగేంత డీజిల్ పోసి బాగా కుదపాలి. డీజిల్ నల్లబడితే పారబోసి మళ్లీ పోయాలి. మూడోసారికి కాస్త తేటగా వస్తుంది. డీజిల్ కూడా జిడ్డే వదులుతుంది కనుక గిన్నెలు తోమే సబ్బు వేసిన వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, మంచి నీళ్లతో జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మన ఎండకు గంట చాలు. పెట్రోల్ జోలికి పోవద్దు, నిప్పుతో చెలగాటం.

వేసే ముందు సీసా గట్టిగా కుదపాలి, మైనం అడుగున పేరుకుని ఉంటుంది. కుదపకుండా వేస్తే పడేది ఉత్త ద్రావకమే. కింది వరసలో, చైన్ లోపలి వైపు, ఒక్కో రోలర్‌కి ఒక్క చుక్క. పెడల్ మెల్లగా వెనక్కి తిప్పుతూ 110కి పైగా ఉన్న రోలర్లన్నీ పూర్తిచేస్తే 5 మి.లీ. పైచిలుకు అవుతుంది. అంటే సీసా ఇరవై సార్లకు వస్తుంది. ఆ తర్వాత యాభైసార్లు వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున పైపైన పొడిగుడ్డతో తుడవాలి. వేసిన వెంటనే బయల్దేరితే తడిమీద దుమ్ము పట్టి మొదటికొస్తుంది. రిమ్ మీదా డిస్క్ మీదా చుక్క పడనివ్వకండి, బ్రేక్ పట్టు పోతుంది. ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) లోపలికి మైనం పనికిరాదు, అక్కడ మిషన్ ఆయిలే రెండు చుక్కలు.

ఎండాకాలం 200 కి.మీ. దాకా నిలుస్తుంది. చైన్ పిచ్చుకలా కిచకిచమనడం మొదలెట్టిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే. వానకు మాత్రం నిలవదు, ఒక్కసారి బాగా తడిస్తే పూత కొట్టుకుపోయి తెల్లారేసరికి లింకుల మీద సన్నటి తుప్పు కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో దీనికి ఐదులో రెండు మార్కులే ఇస్తాను. కర్నూలు వైపు నల్లరేగడిలో తిరిగేవాళ్లు వానాకాలం మామూలు తడి లూబ్‌కే (ఆరకుండా జిడ్డుగా ఉండే నూనెకే) మారడం మేలు, ఆ బురద ఏ పూతనైనా ఊడ్చుకుపోతుంది.

అరుగుదల చూడ్డానికి స్టీల్ స్కేల్ చాలు. చైన్ బిగువుగా ఉండగా ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత సరిగ్గా మరో పిన్ను మధ్యకు వస్తుంది. ఆ పిన్ను 12 గీత దాటి 1/16 అంగుళం, అంటే ఒకటిన్నర మి.మీ. అవతలికి జరిగితే చైన్ మార్చాలి. 1/8 దాకా వదిలేస్తే ఫ్రీవీల్ పళ్లు కూడా పోయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది. నా లెక్కలో మిషన్ ఆయిల్ మీద నడిచిన చైన్ 2,600 కి.మీ.కి ఆ 1/16 హద్దు దాటింది, మైనం మీద నడిచింది 5,400కి. రోడ్లు అవే, బరువు అదే. అయితే మైనం కోసం వారం వారం తుడవడం కూడా అలవాటైంది కాబట్టి, ఆ తేడా అంతా సీసా గొప్పే అననులెండి.