ఇళ్ళ ఫోటోలకు ఫోనా, కెమెరానా?

కొండారెడ్డి బురుజును ఫోటో తీసేవాళ్ళు కర్నూలులో చాలామందే ఉన్నారు, నేను దాని జోలికి పోను. నాకు కావలసింది కల్లూరు వైపు సగం లేచిన అపార్ట్‌మెంట్లు, స్లాబ్ వేసే రోజు హడావిడి, పాతబస్తీ సందుల్లో మిగిలిన మిద్దెలు, 1953లో ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపులు. వీటికి ఫోన్ చాలా, కెమెరా కొనాలా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. రెండూ వాడుతున్నా కాబట్టి చెప్తున్నా.

కట్టుబడి జరిగే చోటికైతే ఫోనే. ఫోటో బాగొస్తుందని కాదు, అక్కడుండే మనుషుల వల్ల. ఒకసారి కెమెరా మెడలో వేసుకుని ఒక బిల్డింగు ముందు నిలబడ్డానో లేదో, ఓనరు లోపల్నుంచి గబగబా వచ్చి "కార్పొరేషన్ నుంచి వచ్చినారా సార్, మాది ప్లాన్ ప్రకారమే ఉంది" అన్నాడు. నేనేమీ అడగకముందే! (బయట నుంచి భవనాన్ని ఫోటో తీయడం 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. ఆ మాట అక్కడ ఎత్తకండి, గొడవ ఇంకా పెరుగుతుంది.) బేల్దారి వాళ్ళు కూడా కెమెరా కనబడితే పని ఆపి చొక్కా సర్దుకుని నిలబడతారు. ఫోన్ తీస్తే ఎవరూ పట్టించుకోరు, కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది, తట్టలు చేతులు మారుతూనే ఉంటాయి. సాయంత్రం ఆ ఫోటోలు మేస్త్రీకి వాట్సాప్‌లో పంపితే "ఎల్లుండి ఇంకో స్లాబ్ ఉందన్నా, రా" అని ఆయనే పిలుస్తాడు. పైగా సిమెంటు దుమ్ములో లెన్స్ మార్చడమంత తెలివితక్కువ పని లేదు, లెన్స్ వెనక బొమ్మను పట్టే సెన్సర్ మీద పడిన మచ్చ ఆ తర్వాత తీసిన ప్రతి ఆకాశంలోనూ కనిపిస్తుంది. నాకు రెండేళ్ళు కనిపించింది.

పాత ఇళ్ళ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. పాతబస్తీలో ఒక మిద్దె గోడ ఉంది, సున్నం పెచ్చులూడి, కింద నీలం, దాని కింద పసుపు, ఇంకా కింద మట్టీ రాయీ బయటపడ్డాయి. వాటన్నిటికీ అడ్డంగా, మనిషి ఎత్తుకు పైనే, 2009 అక్టోబరు వరద నిలిచిన సన్నటి గోధుమరంగు గీత. ఫోన్‌తో తీస్తే వెలుగునూ నీడనూ సమానం చేసే ఆత్రంలో ఆ గీతను దాదాపు చెరిపేసింది, గోడకు నిన్ననే రంగు వేసినట్టుంది. అదే గోడను పదేళ్ళ నాటి నా కెమెరాలో, సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే రా ఫైల్‌గా తీస్తే గీతా ఉంది, పెచ్చుల నీడా ఉంది. ఫోన్‌లో ఎక్కువ వెడల్పు పట్టే అల్ట్రావైడ్ లెన్స్ ఉందిగా అంటారు గానీ, అది అంచుల్లో ఉన్న తలుపుల్ని సాగదీస్తుంది, జూమ్ చేస్తే రాళ్ళు బొమ్మ గీసినట్టు అయిపోతాయి.

ఏది వాడినా పైకెత్తి తీస్తే గోడలు వెనక్కి పడుతున్నట్టే వస్తాయి. ఎదురింటి వాళ్ళను అడిగి మేడ ఎక్కి నిటారుగా పట్టుకోండి, అంతే.

వెలుతురు విషయానికొస్తే, సాయంత్రం బంగారు వెలుగు అని అందరూ చెప్తారు గానీ మన దగ్గర వాస్తు చూసి కట్టిన తూర్పు ముఖం ఇళ్ళకు సాయంత్రం ముందు గోడంతా నీడే. పొద్దున ఏడుకల్లా వెళ్ళాలి. ఉత్తరం ముఖం ఇళ్ళకు ఇంకో తమాషా ఉంది: మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా కర్నూలులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానికే ఉంటాడు, మిగతా ఏడాది మధ్యాహ్నాలు నీడలో ఉండే గోడలకు అప్పుడు నడినెత్తి నుంచి ఏటవాలు ఎండ పడి ప్రతి గరుకూ లేచి కనిపిస్తుంది. మే ఎండలో మధ్యాహ్నం బయట నిలబడగలిగితే. ఫోన్ అయితే వేడెక్కి మధ్యలోనే చేతులెత్తేస్తుంది, కెమెరా ఇంకాస్త ఓర్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజూ తక్కువేమీ కాదు, జర్మనీలో బెకర్ అనే ఫోటోగ్రాఫర్ దంపతులు నీళ్ళ ట్యాంకులనూ గనుల కట్టడాలనూ దశాబ్దాల తరబడి అలాంటి వెలుతురులోనే తీశారు.

కాబట్టి డబ్బు ఒక్కదానికే ఉంటే, కట్టుబడే మీ సరదా అయితే కెమెరా కొనకండి. పాత ఇళ్ళు కావాలంటే సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ, దాంతో వచ్చే 18-55 లెన్స్ చాలు. అందరూ చెప్పారని 50 ఎంఎం కొనేరు, చిన్న సెన్సర్ మీద అది 75 లాగా పనిచేస్తుంది, పాతబస్తీ సందులో వెనక గోడకు వీపు ఆనించి నిలబడినా ఒక కిటికీ కంటే ఎక్కువ పట్టదు. నాది బీరువాలో ఉంది, చుట్టాల పెళ్ళిళ్ళకు బయటికొస్తుంది.