ఫోటోరెక్‌తో ఆరేళ్లు: ఏవి వెనక్కొచ్చాయి, ఏవి రాలేదు

2019 వేసవిలో ఉద్దానం నుంచి ఒక పెద్దాయన శ్రీకాకుళంలోని మా స్టూడియోకి వచ్చారు. చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పితే, లోపల గోరంత మెమరీ కార్డు. కొత్త ఫోన్‌లో పెట్టగానే ఫార్మాట్ చేయమంటావా అని అడిగిందట, మనవడు సరేనని నొక్కేశాడట. తిత్లీకి ముందు తీసుకున్న కొబ్బరితోట ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఆయన తోటలో నిలబడ్డ చెట్టు లేదు.

"తోట ఎలాగూ పోనాది బావూ, ఫోటోలైనా వస్తాయేటి?" అని అడిగారు.

అప్పటికి ఫోటోరెక్ నాకు కొత్త. ఆ రోజు మొదలు, మా దగ్గరికొచ్చిన ప్రతి కార్డునీ పెన్‌డ్రైవ్‌నీ ముందు దానితోనే చూస్తున్నాను. పోయిన ఫోటోలను, ఫైళ్లను వెనక్కి తేవడానికి ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియర్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జిప్ విప్పి నడిపితే చాలు. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఫోటోలన్నీ చూపించి, సేవ్ చేయబోయేటప్పుడు బిల్లు ముందు పెడతాయి. పెళ్లి ఫోటోలు పోయి ఏడుస్తున్నవాళ్లకు అది చాలా కష్టంగా ఉంటుంది. ఇందులో ఆ బాధ లేదు.

మామూలుగా కార్డును క్విక్ ఫార్మాట్ చేస్తే ఫోటోలు అప్పటికప్పుడు చెరిగిపోవు. ఏ ఫోటో ఎక్కడుందో రాసి పెట్టుకున్న పట్టిక మాత్రం ఖాళీ అవుతుంది. ఫోటోరెక్ ఆ పట్టిక జోలికే పోదు. కార్డును మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ, ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తు కోసం వెతుకుతుంది. ఇలా 480కి పైగా ఎక్స్‌టెన్షన్లను, అంటే ఫైలు పేరు చివర దాని రకాన్ని చెప్పే అక్షరాలను, పోల్చుకోగలదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, కార్డును చదవడమే గాని దానిమీద ఏమీ రాయదు. వచ్చిన ఫోటోలు పెట్టడానికి వేరే డ్రైవ్ చూపించాల్సిన బాధ్యత మాత్రం మనదే.

చూడగానే చాలామందికి భయమేస్తుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, బాణం కీలతో కదలాలి. మౌస్‌తో పనిచేసే క్యూఫోటోరెక్ కూడా అదే జిప్‌లో ఉంటుంది, కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిది. రెండింటిలోనూ ఒక్క చోట ఆగి ఆలోచించాలి: ఫ్రీ, హోల్ అని రెండు దారులుంటాయి. పొరపాటున డిలీట్ చేసినవైతే ఫ్రీ చాలు, ఖాళీ చోటు మాత్రమే వెతుకుతుంది. కార్డే పాడైతే హోల్ పెట్టాలి. ఫైల్ ఆప్షన్లలో మామూలు ఫోటోల రకమైన జేపెగ్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేయకపోతే, అక్కర్లేని ఫైళ్లు వేలల్లో వచ్చి పడతాయి.

ఆ పెద్దాయన కార్డులో దొరికిన ఫోటోల లెక్క తెర మీద పెరుగుతూ ఉంటే ఆయన కుర్చీ జరుపుకుని తెర పక్కనే కూర్చున్నారు. ఫోటోలు వచ్చాయి గాని వాటి పేర్లు రాలేదు. అసలు పేర్లు, ఫోల్డర్లు తేవడం దీనివల్ల కాదు. ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెల వరస, అంతే. టీతో మొదలయ్యేవి ఫోటోలోపల దాగి ఉండే చిన్న నమూనా బొమ్మలు. వాటిని తీసేసి, మిగతావాటిని ఫోటో తీసిన తేదీ ప్రకారం వరసపెట్టాను. తోటలో బావి గట్టు మీద ఆయన భార్య కూర్చున్న ఫోటో కనబడగానే ఆయన ఏమీ మాట్లాడలేదు. అది ఒక్కటే పెద్ద సైజులో ప్రింట్ వేయించుకున్నారు.

వీడియోల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. పెద్ద ఫైలు కార్డులో ముక్కలుగా చెదిరి ఉంటే ఫోటోరెక్ వాటిని సరిగ్గా అతకలేదు. నరసన్నపేట పెళ్లి వీడియోలో జీలకర్ర బెల్లం దాకా వచ్చి ఆగిపోయింది. తాళి కట్టే ఘట్టం దొరకలేదు.

మీద మీద సేవ్ అయిపోయిన ఫైళ్లది వేరే కథ. పాత బైట్లున్న చోటే కొత్తవి పడితే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. కాకపోతే చాలా ప్రోగ్రామ్‌లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలును వేరేచోట రాసి, తర్వాత పాతదాన్ని తీసేస్తాయి. అందుకే పాత హార్డ్‌డిస్కుల్లో అప్పుడప్పుడు ముందటి కాపీ బతికి ఉంటుంది. ఒక టీచరమ్మ వర్డ్ ఫైలు నాకు అలాగే దొరికింది. ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే డిస్కు అయితే ఆశ బాగా తక్కువ. ఫైలు తీసేసిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో డిస్కుకు చెప్పేస్తుంది, డిస్కు దాన్ని శుభ్రం చేసుకుంటుంది. మా స్టూడియోలో ఒక పెళ్లి ఆల్బమ్ డిజైన్ మీద ఇంకో పెళ్లిది సేవ్ అయింది. రాత్రంతా వెతికించినా ఒక్క పేజీ రాలేదు. మూడు రోజులు కూర్చుని మళ్లీ చేశాం. ఆ తర్వాతే ఆల్బమ్‌లన్నీ రోజూ సాయంత్రం వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేయడం మొదలుపెట్టాం.

పార్టిషన్, అంటే డిస్కులో సీ, డీ అని విడదీసిన భాగం, మొత్తం కనబడకుండా పోతే ఫోటోరెక్ కన్నా టెస్ట్‌డిస్క్ మేలు. అదీ అదే జిప్‌లో వస్తుంది, దానితో చాలాసార్లు అసలు పేర్లు కూడా దక్కుతాయి. ఫోన్ సొంత మెమరీకి మాత్రం ఈ రెండూ పనికిరావు. కేబుల్ పెట్టినా ఫోన్ వీటికి డిస్కులా కనబడదు.

ఇప్పుడు ఎవరు కార్డు తెచ్చినా అడాప్టర్‌లో పెట్టి, పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపాకే కంప్యూటర్‌కు తగిలిస్తాను. విజయనగరంలో మా మేనల్లుడికీ స్టూడియో ఉంది. కిందటేడు సిరిమానోత్సవం ఫోటోల కార్డు పోతే వాడు కంగారులో ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి, దొరికిన ఫోటోలను మళ్లీ అదే కార్డులో సేవ్ చేశాడు. నాకు ఫోన్ చేసేసరికి సగం ఫోటోల మీద మిగతా సగం పడి ఉంది. ఫోటోరెక్ దొరికినంత తెచ్చింది. సిరిమాను కోట ముందు వంగిన ఫోటో వాటిలో లేదు.