గిట్ ఆర్కైవ్: జిప్‌లోకి ఏది వెళ్లాలో నేనే చెబుతున్నా

హన్మకొండలో ఇంట్లో కూర్చుని, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకు తక్‌పట్టీలు (సరుకు అమ్మిన రైతుకిచ్చే లెక్క చీటీలు) కొట్టే పీహెచ్‌పీ ప్రోగ్రాం రాసిస్తుంటాను. మొత్తం పదకొండు దుకాణాలు. అప్‌డేట్ పంపాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే ఉండేది: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, జిప్, వాట్సాప్.

పోయిన పత్తి సీజన్‌లో ఒక సేటు ఫోన్ చేశాడు. "తమ్మీ, ఇందుల పక్క దుకాణపోళ్ల లెక్కలున్నయేంది?" నాకు చెమటలు పట్టాయి. టెస్టింగ్ కోసం తెచ్చుకున్న వేరే దుకాణం డేటాబేస్ బ్యాకప్ ఆ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. ఆయన మంచివాడు, డిలీట్ చేసి ఊరుకున్నాడు.

అప్పటి నుంచి గిట్ ఆర్కైవ్ వాడుతున్నా. కోడ్‌లో మార్పులను దాచిపెట్టే గిట్ ప్రోగ్రాంలోనే ఉంటుంది, కొనే పని లేదు. ఇది కమిట్ చేసిన, అంటే గిట్‌లో నమోదు చేసిన ఫైళ్లనే జిప్‌లో పెడుతుంది. కమిట్ చేయని బ్యాకప్ పక్కనే పడి ఉన్నా దాని జోలికి పోదు. నాలాంటి మతిమరుపు మనిషికి ఈ ఒక్కటి చాలు.

కమిట్ చేసినవాటిలోనూ సేటుకు అక్కర్లేనివి ఉంటాయి కదా, టెస్టులు, నా నోట్సు. ఏ ఫైల్‌ను ఎలా చూడాలో గిట్‌కు చెప్పే గిట్ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఆ ఫోల్డర్ పేరు రాసి పక్కన ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ అంటే అది జిప్‌లోకి రాదు. డేటాబేస్‌కు చెందిన ఎస్‌క్యూఎల్ ఫైళ్లేవీ వద్దని ఒక లైను రాసి, టేబుళ్లు తయారుచేసే ఒక్క ఫైల్ మాత్రం కావాలని దాని కింద ఇంకో లైను రాశాను. అక్కడ ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ ముందు మైనస్ పెట్టాలి. గిట్ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) అలవాటుతో ఆశ్చర్యార్థకం పెడితే ఒప్పుకోదు.

మొదటిరోజు మాత్రం ఏడిపించింది. లైను రాశా, జిప్ చేశా, విప్పి చూస్తే టెస్టులు అలాగే ఉన్నాయి. మళ్లీ చేశా, మళ్లీ ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకు అర్థమైంది: అది డిస్క్ మీది గిట్ఆట్రిబ్యూట్స్‌ను కాదు, కమిట్‌లో ఉన్నదాన్ని చదువుతుంది. నేను కమిటే చేయలేదు! వర్క్‌ట్రీ-ఆట్రిబ్యూట్స్ అనే ఆప్షన్ ఇస్తే డిస్క్ మీదిది చూస్తుందట. ఈ మాట ముందే తెలిస్తే హాయిగా పడుకునేవాణ్ణి. పైగా గిట్ఆట్రిబ్యూట్స్ ఫైల్ కూడా జిప్‌లోకి వచ్చి కూర్చుంటుంది, దాని పేరు కూడా దాంట్లోనే రాయాలి.

అసలు లోటు వెండర్ ఫోల్డర్. కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలు దించే టూల్) అందులోకి తెచ్చే లైబ్రరీలను నేను కమిట్ చేయను కాబట్టి అవి జిప్‌లోకి రావు. అక్కడే దించుకుందామంటే దుకాణంలో నెట్ సరిగా ఉండదు. బయటి ఫైల్‌ను ఒక్కొక్కటిగా చేర్చే ఆప్షన్ ఉంది కానీ ఫోల్డర్‌ను మొత్తంగా తీసుకోదు. అందుకని వెండర్‌ను వేరే జిప్‌గా పంపుతున్నా.

ఎక్స్‌పోర్ట్-సబ్‌స్ట్ అని ఇంకోటి ఉంది. దాంతో జిప్ చేసేటప్పుడే కమిట్ నంబర్ (అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసిన గుర్తు) వెర్షన్ ఫైల్‌లో పడుతుంది. ఇప్పుడు సేటు ఫోన్ చేస్తే స్క్రీన్ మీద కింద ఉన్నది చదవమంటాను. అది బీనా డీనా తేల్చుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోంది.