పేర్లు వెతుక్కుంటూ ఓరుగల్లులో రెండు రోజులు

వరంగల్‌కు చాలాసార్లు వెళ్లాను కానీ, వీధుల పేర్ల కోసం వెళ్లడం ఇదే మొదటిసారి. అమ్మ కూడా వస్తానంది. కాజీపేటలో రైలు దిగి సిటీ బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితమనే మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి నాకొక్కడికే టికెట్ తీసుకున్నాం.

కండక్టర్ "సుబేదారి, అదాలత్" అని పిలుస్తుంటే అవే నా మొదటి పాఠాలయ్యాయి. నిజాం రాజ్యంలోని నాలుగు సుబాల్లో వరంగల్ ఒకటి. సుబాను ఏలే అధికారి సుబేదారు. అదాలత్ అంటే న్యాయస్థానం. హనుమకొండ పేరు ఇంకా పాతది. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడిలో వేయించిన శాసనంలో అది 'అనుమకొండ'.

మొదటి రాత్రి వరంగల్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున నీళ్లు రాక అమ్మ ఇబ్బంది పడింది. రెండో రాత్రికి హనుమకొండ మారాం. ఖర్చు ఎక్కువే కానీ గది శుభ్రంగా ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే అటే మేలు. పాతబస్తీలో కాలినడకన తిరగాలంటే మాత్రం స్టేషన్ వైపే ఉండాలి. మండిబజార్, బట్టలబజార్ సందుల్లో ఆటో ఎక్కితే ఏమీ కనపడదు. పేరే అక్కడి బేరం చెబుతుంది. చార్‌బౌలి అంటే నాలుగు బావులు. కాశిబుగ్గలో బుగ్గ అంటే నీటి ఊట. ఇంత చరిత్ర ఉన్న వీధుల్లో పేరు ఎలా వచ్చిందో చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. నిజంగా బాధేసింది.

రెండో రోజు సాయంత్రమంతా కోటకే ఇచ్చాం. ముందు మట్టికోట, తర్వాత రాతికోట, లోపల నాలుగు దిక్కులా తోరణాలు, వాటి మధ్య కూలిన గుడి రాళ్లు. పక్కనే ఏకశిల గుట్ట. 'ఒరు' అంటే ఒకటి. 'గల్లు' అంటే రాయి, మన సన్నికల్లులో ఉన్న కల్లే. ఆ ఒక్క రాయి పేరే ఊరి పేరైంది. సంస్కృతంలో ఏకశిలానగరం అన్నదీ అదే. గుట్ట కింద నిలబడి పైకి చూస్తే పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

1323లో ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుణ్ణి ఓడించాక ఈ ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. కోట లోపలే ఇళ్లున్నాయి, తరాలుగా జనం అక్కడే ఉంటున్నారు. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను ఆ పేరు విన్నావా అని అడిగాను.

"సుల్తాన్‌పూరా? అదేడుంది బిడ్డా? మేం కోటోళ్లం" అంది. అమ్మ ఆమె పక్కనే కూర్చుంది. అవ్వ మంచినీళ్లిచ్చింది, ఇద్దరూ పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు.

వెళ్లేవాళ్లు కోటకు సాయంత్రం నాలుగు దాటాకే వెళ్లండి, మధ్యాహ్నం రాళ్లు కాలిపోతుంటాయి. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక మాకు దొరకడం కష్టమైంది.