పెంకుటి బడి: పడగొట్టాలా, నిలబెట్టాలా?

మా ఊరి ప్రాథమిక పాఠశాల ఆవరణలో రెండు పాత కట్టడాలున్నాయి. ఒకటి బ్రిటిష్ పాలనలో తాలూకా బోర్డులు బడులు నడిపిన కాలం నాటి పెంకుటి బడి. గానుగ సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడలు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు. రెండోది, ప్రాథమిక బడులకు గదులు, సామగ్రి ఇవ్వడానికి 1987లో వచ్చిన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పుణ్యమా అని దాని పక్కనే లేచిన రెండు స్లాబు గదులు. కొత్త గదులు వస్తాయన్న మాట వినపడగానే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. హైదరాబాదులో, అమెరికాలో ఉన్నవాళ్లు పెంకుటి బడిని ముట్టుకోవద్దంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు మొత్తం లేపేసి స్లాబు వేయించమంటారు. మొదటి జట్టులో ఎవరి పిల్లలూ ఆ బడిలో చదవడం లేదు. నా పిల్లలూ చదవలేదు కాబట్టి ఈ మాట నాకూ తగులుతుంది.

గొడవంతా పెంకుటి బడి గురించే. నన్నడిగితే ముందు భయపడాల్సింది స్లాబు గదులకు. స్లాబులో ఇనుప చువ్వల కింద కాంక్రీటు పొర సరిగ్గా ఉంటేనే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. నాసిరకం పనిలో అదీ ఉండదు. తేమ లోపలికి దిగిందంటే చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింది కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. ఊడినచోట సిమెంటు పూసి, వెల్ల వేసి, బడి తెరిచే నాటికి ముస్తాబు చేస్తారు. లోపల తుప్పు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. పెంకుటి కప్పు అలా దాచుకోదు. దూలం వంగితే కింద నుంచే కనిపిస్తుంది, పెంకు జరిగితే మొదటి వానకే నీళ్లు కారి చెబుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 2004లో మంటలకు 94 మంది పిల్లలు బలయ్యాక సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో 2009లో తీర్పు వచ్చింది. చదువుకునే హక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని కోర్టు చెప్పింది. కాబట్టి పిల్లల నెత్తిన ఏముందో తేలకుండా జ్ఞాపకాల గురించి మాట్లాడటం నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

పడగొట్టి కట్టడంలో సుఖం తెలిసిందే. కొత్త గదికి వైరింగు, ఫ్యాన్లు, ర్యాంపు, మరుగుదొడ్లు అన్నీ ఒకే ఎస్టిమేట్‌లో వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులు బాగుచేయడానికి 2019లో మొదలైన నాడు-నేడు పథకం తొలి విడతలోనే 15,715 బడులు తీసుకున్నారు. తెలంగాణలో అలాంటిదే, 2022 నాటి మన ఊరు-మన బడి పథకం లెక్క 26,065 బడులు. ఇంత పెద్ద ఎత్తున పని జరిగేటప్పుడు ఇంజినీరు చేతిలో ఉండేది సిమెంటు పని రేట్లే. గానుగ సున్నం కలపడం తెలిసిన మేస్త్రీ కోసం ఆయన ఎక్కడని వెతుకుతాడు?

కష్టం కూల్చిన మర్నాటి నుంచి మొదలవుతుంది. శిథిలమైందని ఇంజినీరు సర్టిఫికెట్ ఇస్తాడు, పాత కలప, పెంకులు వేలంలో పోతాయి. ఆ తర్వాత కొత్త పని పునాది దగ్గర ఆగిందంటే పిల్లలకు వరండాయే గతి. బిల్లులు రాలేదని కాంట్రాక్టరు ముఖం చాటేసిన ఊళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. కొత్తది లేచాకే పాతది కూల్చాలన్న షరతు పెడితే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది, కానీ దానికి ఆవరణలో చోటుండాలి.

ఇక పెంకుటి బడిని నిలబెట్టడం. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెట్టే ఎండల్లో ఎత్తైన పెంకు కప్పు కింద కూర్చోవడానికీ, స్లాబు కింద కూర్చోవడానికీ తేడా అనుభవించినవాళ్లకు చెప్పక్కర్లేదు. గోడలు సాధారణంగా గట్టివే. అనుమానముంటే పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజు పలక అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం చూడాలి. గాజు పగిలితే గోడ కదులుతోందని అర్థం. మా బడి గోడలకు జరిగిన అసలు అన్యాయం మరమ్మతే. ఎవరో శ్రద్ధగా సున్నపు గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి సున్నం పొడిపొడిగా రాలుతోంది.

పెంకు కప్పుకు పెద్ద శత్రువు వాన కాదు, కోతులు. ఒక గుంపు ఒకసారి దూకిపోతే పది పెంకులు పోతాయి. పెంకులు కొనడం కష్టం కాదు. చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. కప్పెక్కి సర్దే మనిషే దొరకడం లేదు. చెద పట్టిన వాసాల బదులు ఇనుప గొట్టాలు, పెంకులు ఆనే రీపర్ల కింద గట్టి మెష్ వేస్తే కప్పు చాలా ఏళ్లు నిలుస్తుంది. అలా చేస్తే పాతదనం పోతుందని గ్రూపులో ఒకాయన బాధపడ్డాడు. పోతే పోనివ్వండి, అది బడి, కోట కాదు.

పాతదాన్ని మ్యూజియం చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దానికి నేను పూర్తిగా వ్యతిరేకం. తాళం వేసిన పెంకుటిల్లు మనుషులున్న ఇంటికన్నా తొందరగా పడిపోతుంది, ఎందుకంటే కారే చోటు చూసేవాడు ఉండడు. అంగన్‌వాడీకి ఇద్దామన్నది ఇంకా ఘోరం. ఐదో తరగతి పిల్లలకు పనికిరాని కప్పు మూడేళ్ల పిల్లలకు ఎలా పనికొస్తుంది?

మా ఆవరణలో చోటుంది కాబట్టి నా మొగ్గు ఇటు: స్లాబు గదులను పరీక్ష చేయించి, చువ్వలు పోయాయని తేలితే వెంటనే కూల్చాలి. ఆ స్థలంలో తరగతి గదులు కట్టాలి. పెంకుటి బడికి కప్పు మొత్తం దించి, సిమెంటు ప్లాస్టరింగ్ గీకించి, గోడలు నిటారుగా ఉంటే కప్పు మళ్లీ వేసి మధ్యాహ్న భోజనానికీ, పుస్తకాల గదికీ వాడాలి. గోడ ఒరిగి ఉంటే దాన్నీ దించేయాల్సిందే. అప్పుడు టేకు దూలాలు వేలానికి పోనివ్వకుండా కొత్త గదుల తలుపులకు వాడుకోవచ్చేమో అధికారులను ముందే అడగాలి. చోటు లేని బడి అయితే నేను ఇదంతా చెప్పేవాణ్ని కాదు. పిల్లల ఆటస్థలం మింగేసి పాత గోడలు కాపాడటంలో నాకు అర్థం కనిపించదు.

గ్రూపులో చందాల పట్టిక తిరుగుతోంది. కప్పు వేయడానికి చాలామంది రాశారు. ఏటా మే నెలలో పెంకులు సర్దించే కూలి ఎవరిస్తారో కూడా రాయమని నేను ఇంకో వరుస చేర్చాను. ఇప్పటికి అందులో రెండు పేర్లున్నాయి, ఒకటి నాదే.